నమ్మకస్తుడు ఎవరికి? ‘నమ్మదగిన కృత్రిమ మేధ’ చదువుల మీద ఒక దళిత విమర్శ

‘నమ్మకం’ అనే మాట మన పల్లెల్లో ఎప్పుడూ ఒకే దిక్కుకు నడిచింది. జీతగాడు దొరకు నమ్మకస్తుడై ఉండాలి. దొర జీతగానికి నమ్మకస్తుడా కాదా అని ఏ పంచాయితీలోనూ ఎవరూ అడగలేదు. నమ్మినబంటు అనే మాట మన భాషలో ఉంది. బంటు నమ్మదగిన దొర అనే మాట లేదు. భాషలో లేదంటే సమాజంలో ఆ అవసరం రానివ్వలేదని అర్థం. నమ్మకస్తుడంటే ఎవడు? చెప్పిన పని చేసేవాడు, లెక్క తప్పనివాడు, ఎదురు ప్రశ్న వెయ్యనివాడు.

ఇవ్వాళ విశ్వవిద్యాలయాల్లో, ఐఐటీల్లో, కంపెనీల శిక్షణా శిబిరాల్లో ‘నమ్మదగిన కృత్రిమ మేధ’ అనే కొత్త చదువు మొదలైంది. విద్యార్థులకు, పరిశోధకులకు దీంట్లో తర్ఫీదు ఇస్తున్నారు. యంత్రం నమ్మకస్తుడై ఉండాలంటున్నారు. ఉండాల్సిందే. కానీ ఎవరికి? దాన్ని కొనుక్కున్న వాడికా, దాని తీర్పు నెత్తిన పడేవాడికా? ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆ చదువు తడబడుతున్నది. ఈ వ్యాసం ఆ చదువును వద్దనడానికి కాదు. అది ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నదో చూపించడానికి, ఎక్కడ నిలబడాలో చెప్పడానికి.

మూల గ్రంథాలు ఏమంటున్నాయి?

ముందు వాళ్ల గ్రంథాలనే చూద్దాం. 2019 ఏప్రిల్‌లో ఐరోపా కమిషన్ నియమించిన నిపుణుల బృందం నమ్మదగిన కృత్రిమ మేధకు నైతిక మార్గదర్శకాలు ప్రకటించింది. అందులో ఏడు షరతులున్నాయి. యంత్రం మనిషి అదుపులో ఉండటం, సాంకేతికంగా గట్టిగా, భద్రంగా ఉండటం, మనుషుల సొంత సమాచారాన్ని కాపాడటం, పారదర్శకత, వివక్ష లేకపోవడం, సమాజానికీ ప్రకృతికీ మేలు, జవాబుదారీతనం. 2020లో వీటిని ప్రశ్నల పట్టికగా మార్చారు. 2024 ఆగస్టు 1 నుంచి ఐరోపాలో దీనికి సంబంధించిన చట్టమే అమల్లోకి వచ్చింది. మన దగ్గర నీతి ఆయోగ్ 2021 ఫిబ్రవరిలో ‘బాధ్యతాయుత కృత్రిమ మేధ’ పేరుతో తనూ ఏడు సూత్రాలు చెప్పింది. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం సుమారు 10,372 కోట్ల రూపాయలతో ఇండియా ఏఐ మిషన్‌ను ఆమోదించింది. దాని ఏడు అంగాల్లో నైపుణ్య శిక్షణ ఒకటి, సురక్షితమైన, నమ్మదగిన ఏఐ ఇంకొకటి.

ఈ సూత్రాల్లో చెడ్డ మాట ఒక్కటీ లేదు. ఆ మాటకొస్తే రాజ్యాంగంలోనూ లేదు. నీతి ఆయోగ్ పత్రంలో ‘కులం’ అనే మాట కూడా ఉంది. కులం, మతం, లింగం లాంటి చారిత్రక విభజనలను యంత్రం మరింత లోతు చెయ్యరాదని అది ఒప్పుకుంది. ఈ ఒప్పుకోలు విలువైందే. కానీ ఆ సూత్రంలోనే ఇంకో మాట ఉంది. గుర్తింపు కారణంగా ‘అర్హత గల’ మనిషికి అవకాశం నిరాకరించరాదట. మనకు బాగా తెలిసిన పాత చుట్టమే ఈ ‘అర్హత’. మెరిట్ అని ఇంకో పేరు. అర్హత ఎవరు కొలుస్తారు? ఏ గజంతో కొలుస్తారు? తరతరాలు చదువుకు దూరం పెట్టి, ఆ దూరాన్నే కొలిచి, దాన్ని అర్హత అని పిలిచే దేశంలో ఈ మాట యంత్రం చేతికి ఇస్తే ఏమైతది? యంత్రం పాత గజాన్నే మరింత వేగంగా తిప్పుతది.

ఇంకో సూత్రం ‘సానుకూల మానవ విలువలను’ కాపాడి బలపరచాలంటుంది. ఎవరి విలువలు? ఊరి విలువా, వాడ విలువా? రెండు గ్లాసుల హోటల్లో కూడా యజమాని తన విలువలను కాపాడుతున్నాననే అనుకున్నాడు. విలువల మీద ఈ దేశంలో ఏకాభిప్రాయం ఎప్పుడూ లేదు. ఉన్నట్టు రాయడమే ఆధిపత్యం చేసే మొదటి పని.

ఫ్లోరిడా పాఠం, మన క్లాసు

సూత్రాల నుంచి పాఠాల్లోకి వద్దాం. వివక్ష లేని యంత్రం ఎట్లా తయారు చెయ్యాలో నేర్పేటప్పుడు సాధారణంగా మూడు సమాచార పట్టికలు విద్యార్థుల ముందు పెడతారు. ఒకటి 1994 నాటి అమెరికా జనగణన నుంచి తీసిన ఆదాయాల పట్టిక. రెండోది జర్మనీ బ్యాంకు అప్పుల పట్టిక. మూడోది ఫ్లోరిడా రాష్ట్రంలోని బ్రోవర్డ్ కౌంటీలో అరెస్టయిన వాళ్ల పట్టిక. ఈ మూడో దాని కథ పెద్దది. కాంపాస్ అనే యంత్రం, ఒక మనిషి మళ్లీ నేరం చేస్తాడా లేదా అని జోస్యం చెప్పి మార్కులేసేది. 2016లో ప్రోపబ్లికా పత్రిక ఈ మార్కులను పరిశీలించింది. మళ్లీ నేరం చెయ్యని నల్లవాళ్లను ‘ప్రమాదకరం’ అని ముద్ర వేసిన తప్పు, తెల్లవాళ్ల విషయంలో కంటే దాదాపు రెట్టింపు ఉందని తేల్చింది.

అట్లాగే 2018లో జాయ్ బౌలమ్విని, టిమ్నిట్ గెబ్రు అనే ఇద్దరు నల్లజాతి స్త్రీలు ముఖాలు చూసి ఆడా మగా చెప్పే యంత్రాలను పరీక్షించారు. తెల్లటి మగవాళ్ల విషయంలో తప్పు 1 శాతం లోపే. నల్లటి ఆడవాళ్ల విషయంలో ఒక యంత్రం తప్పు 34.7 శాతం దాకా పోయింది. ఆ గెబ్రూయే పెద్ద భాషా యంత్రాల ప్రమాదాల గురించి పరిశోధనా పత్రం రాసిన వివాదంలో 2020 డిసెంబరులో గూగుల్ ఉద్యోగం నుంచి బయట పడాల్సి వచ్చింది.

ఈ పరిశోధనలకు మనం రుణపడి ఉన్నాం. నల్లవాళ్ల నొప్పిలోంచి, నల్ల స్త్రీల మేధలోంచి పుట్టిన జ్ఞానం ఇది. ఫూలే 1873లో ‘గులాంగిరి’ని బానిసత్వం మీద పోరాడిన అమెరికన్లకు అంకితమిచ్చాడు. దూరాన ఉన్న వాళ్ల పోరాటంలోంచి మన పోరాటాన్ని చదువుకోవడం మనకు కొత్త కాదు.

కానీ మన క్లాసు గదిలో ఆ పాఠానికి ఏమవుతున్నదో చూడండి. ఫూలే అమెరికాను చూసి మహారాష్ట్రను గుర్తుపట్టాడు. మన క్లాసులు అమెరికాను చూపి తెలంగాణను మరిపిస్తున్నయి. వివక్ష అంటే ఫ్లోరిడాలో జరిగేది, నల్లవాళ్ల మీద జరిగేది, అది తప్పు, దాన్ని ఫలానా సూత్రంతో సరిదిద్దాలి. పాఠం అయిపోయింది. బెల్లు కొట్టారు. నేను పాల్గొన్న ఒక శిక్షణలో అయిదు రోజుల్లో ‘కులం’ అనే మాట ఒక్కసారి వినిపించింది. అదీ ప్రశ్నల సమయంలో, నా నోటి నుంచి. “అది సామాజిక శాస్త్రాల వాళ్ల విషయం, మనది సాంకేతిక కోర్సు” అన్నది జవాబు. మరి జాతి సాంకేతిక విషయం ఎట్లా అయింది? కులం ఎందుకు కాలేదు?

యంత్రాల్లో పక్షపాతం కొలవడానికి వాడే ప్రశ్నల పట్టికల్లో పేరున్నది బీబీక్యూ. అందులో తొమ్మిది సామాజిక కోణాలున్నాయి. వయసు, అంగవైకల్యం, జాతి, మతం, లింగం, ఆర్థిక స్థితి మొదలైనవి. కులం లేదు. తయారు చేసినవాళ్లు అది అమెరికా ఇంగ్లీషు సమాజం కోసమని నిజాయితీగా చెప్పుకున్నారు. తప్పు వాళ్లది కాదు. దాన్ని తెచ్చి ఇక్కడ ‘పక్షపాత పరీక్ష పాసయింది’ అని ముద్ర కొట్టుకునే వాళ్లది. లేని తక్కెడలో తూకం సరిపోయిందన్నట్టు ఉంటుంది.

ఖజానా భయం, కంచం భయం

ఫ్లోరిడా దాకా పోవాల్సిన పని లేదు. మన ముంగిటనే పాఠం ఉంది.

తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ ఉంది. పలు శాఖల దగ్గరున్న సమాచారాన్ని కలిపి, ఫలానా మనిషికి కారుందా, భూమి ఉందా, ఉద్యోగముందా అని వెతికి, సంక్షేమ పథకాలకు ‘అనర్హులను’ ఏరేది. ఒక పట్టికలో ఉన్న మనిషీ ఇంకో పట్టికలో ఉన్న మనిషీ ఒకరేనా అని పేరు, తండ్రి పేరు, చిరునామా పోల్చి అది తేలుస్తది. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. 2024 జనవరిలో అల్ జజీరా ప్రచురించిన పరిశోధనా కథనం ఈ యంత్రం పొరపాట్లను బయటపెట్టింది. రిక్షా తొక్కి బతికిన మనిషి పేరును ఇంకెవరో కారు యజమాని పేరుతో కలిపేసి, అతని భార్యకు బియ్యం లేకుండా చేసిన ఉదంతం అందులో ఉంది. కోర్టు ఆదేశం తర్వాత పరిశీలన పూర్తయిన దరఖాస్తుల్లో కనీసం 7.5 శాతం కార్డులు తప్పుగా రద్దయినట్టు తేలిందని ఆ కథనం చెప్పింది.

ఇప్పుడు మన వాడల్లో పేర్లను తలుచుకోండి. ఎల్లయ్య, మల్లయ్య, లచ్చమ్మ, పోచమ్మ. ఒక్క వాడలోనే నలుగురు ఎల్లయ్యలుంటారు. ఒకే ఎల్లయ్యను ఒక కాగితం మీద ఇంగ్లీషు ‘వై’తో రాస్తారు, ఇంకో కాగితం మీద ‘ఈ’తో రాస్తారు. ఇంటి పేరు ఒకచోట ఉంటది, ఒకచోట ఎగిరిపోతది. ఇంటి నంబరు ఉంటే ఉంటది, లేకుంటే లేదు. పుట్టిన తేదీ బడిలో సారు వేసింది. పేర్లు పోల్చే యంత్రానికి పొడుగాటి పేరు, స్థిరమైన ఇంటిపేరు, పక్కా చిరునామా ఉన్నవాడు సులువు. కాగితం మీద గట్టిగా ఉండటం కూడా ఒక ఆస్తే. ఆ ఆస్తి ఎవరి దగ్గరుందో వేరే చెప్పాల్నా?

ఈ యంత్రం రెండు రకాల తప్పులు చేస్తది. ఒకటి, అర్హత లేని వాడికి కార్డు ఉంచడం. రెండోది, అర్హత ఉన్నవాడి కార్డు పీకెయ్యడం. మొదటి తప్పుకు భయపడేది ఖజానా. రెండో తప్పుకు భయపడేది కంచం. రెండు తప్పులనూ ఒకేసారి సున్నా చెయ్యడం కుదరదు. ఒకటి తగ్గిస్తే ఇంకోటి పెరిగే చోట, దేన్ని తగ్గించాలో ఎవరు నిర్ణయిస్తారు? సరిగ్గా ఇట్లాంటి చిక్కునే 2016, 2017 సంవత్సరాల్లో గణిత పరిశోధకులు నిరూపించారు. రెండు గుంపుల మధ్య నమోదైన లెక్కలే వేరుగా ఉన్నప్పుడు, ‘మార్కుకు అందరి విషయంలో ఒకే అర్థం ఉండాలి’ అనే న్యాయమూ, ‘తప్పులు అందరి మీదా సమానంగా పడాలి’ అనే న్యాయమూ ఒకేసారి దొరకవని తేల్చారు. అంటే ఏ న్యాయాన్ని ఎంచుకోవాలో గణితం చెప్పదు. మనుషులు చెప్పాలి. శిక్షణలో ఈ సిద్ధాంతాన్ని బోర్డు మీద చక్కగా రుజువు చేస్తారు. చేశాక తర్వాతి పేజీ తిప్పుతారు. ‘ఏ మనుషులు?’ అనే ప్రశ్న ఆ పేజీల మధ్యన ఇరుక్కుని నలిగిపోతది. తప్పు ఎవరి నెత్తిన పడుతుందో వాళ్లే ఎంచుకోవాలి. మన జవాబు ఇదే.

నెదర్లాండ్స్‌లో పిల్లల సంక్షేమ భృతి విషయంలో వేల కుటుంబాలను అన్యాయంగా మోసగాళ్లుగా ముద్ర వేసినందుకు 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. ఆ కథను మన శిక్షణల్లో చెప్తారు. చెప్పాల్సిందే. కంట్రోలు షాపు ముందు ఉత్త సంచితో తిరిగిపోయిన వాళ్ల కథ మాత్రం నేను చూసిన ఏ పాఠ్యప్రణాళికలోనూ లేదు.

మా అమ్మ నలభై ఏండ్లు కైకిలికి పోయింది. నాట్లల్ల, కలుపుల్ల ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయినయి. కంట్రోలు షాపుల్లో వేలిముద్ర యంత్రాలు వచ్చాక ఆమె ముద్ర ఒక నెల పడుతది, ఒక నెల పడదు. శిక్షణ భాషలో దాన్ని ‘ధృవీకరణ వైఫల్యం’ అంటారు. ఎవరి వైఫల్యం? ఆ యంత్రానికి శ్రమ చేసిన చెయ్యి ఎట్లుంటదో ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సిన వాళ్ల చేతులు అరిగినవి కావు.

భాషా యంత్రం కులం మాట్లాడుతది

ఇప్పుడు మాట్లాడే యంత్రాలొచ్చాయి. చాట్ జీపీటీ లాంటివి. పరిశోధక విద్యార్థులు దరఖాస్తులు దిద్దుకోవడానికి, ఇంగ్లీషు సరిచేసుకోవడానికి వీటిని వాడుతున్నారు. మొదటి తరం చదువరులకు ఇది ఆసరా కూడా. ఇంగ్లీషు మీడియం గుత్తాధిపత్యాన్ని కొంతైనా గీకుతుందని నేనూ అంటాను. కానీ దాని లోపల ఏముంది?

2023లో ‘ఇండియన్ భేద్’ పేరుతో భారతీయ కుల, మత మూస భావాలను కొలిచే పట్టికను పరిశోధకులు తయారు చేశారు. చాలా యంత్రాలు ఖాళీలు పూరించమంటే మూస మాటనే ఎంచుకున్నాయి. 2025 అక్టోబరులో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ ఇదే పద్ధతిలో కొత్త జీపీటీ 5ను పరీక్షించింది. 105 వాక్యాల్లో 80 చోట్ల అది మూసనే ఎంచుకుంది. తెలివైన వాడు ఎవడు, మురికి కాలువ శుభ్రం చేసేవాడు ఎవడు అనేది దానికి ముందే తెలుసు. ఆ పత్రికే ఇంకో సంగతి రాసింది. ఒక దళిత పరిశోధకుడు పరిశోధనా అవకాశం కోసం రాసుకున్న దరఖాస్తును దిద్దమంటే, ఆ యంత్రం భాషతో పాటు అతని ఇంటిపేరునూ దిద్దింది. ‘శర్మ’ అని మార్చింది. పరిశోధకుడంటే శర్మే అయి ఉంటాడని దాని లెక్క. ద్రోణుడు బొటనవేలు అడిగాడు. ఇది అడగకుండానే పేరు తీసుకుంది.

ఈ యంత్రానికి ఇదంతా ఎవరు నేర్పారు? మన సమాజం రాసుకున్న రాతే నేర్పింది. భారతీయ భాషా యంత్రాలకు మేత ఎక్కువ భాగం పత్రికల వెబ్‌సైట్లు, విజ్ఞాన సర్వస్వాలు, అచ్చయిన పుస్తకాలు. పత్రికల సంగతి చూద్దాం. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో దళిత పాత్రికేయుడి కోసం వెతికి, గుర్తింపు కార్డున్న వందల మందిలో ఒక్కరినీ కనుక్కోలేకపోయానని ‘పయనీర్’ పత్రికలో రాశాడు. 2019లో ఆక్స్‌ఫాం, న్యూస్‌లాండ్రీ చేసిన అధ్యయనంలో 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలవి సున్నా. ఇరవై మూడేండ్లలో మారింది ఇది. ఆ రాతనే ఇప్పుడు యంత్రం కోట్ల మాటలుగా మింగుతున్నది.

తెలుగులోనూ విద్యార్థులను కూడగట్టి కథలు సేకరించి చిన్న భాషా యంత్రాలు చేస్తున్నారు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ చేసిన యంత్రానికి ‘చందమామ కథలు’ అనే పేరు పెట్టారు. ప్రైవేటు కంపెనీల గుప్పిట్లోంచి తెలుగును బయటకు లాగాలనే ప్రయత్నాన్ని మనం గౌరవించాలి. అయితే ఆ విద్యార్థులకు ఒక ప్రశ్న నేర్పాలి. చందమామలో రాజున్నాడు, బ్రాహ్మడున్నాడు, వర్తకుడున్నాడు. మాదిగ పెద్దమ్మ చెప్పిన కథ ఎక్కడ? జాంబ పురాణం ఎక్కడ? చిందు భాగవతం ఎక్కడ? జాషువా దొరుకుతాడు. ‘చిక్కనవుతున్న పాట’ వచ్చిన తొంభైల్లో వెలువడిన చిన్న పత్రికలు, కారంచేడు, చుండూరు కాలపు కరపత్రాలు యంత్రానికి అందే రూపంలో ఎన్ని ఉన్నాయి? యంత్రానికి తెలిసిన తెలుగులో వాడ నిశ్శబ్దంగా ఉంటే, ఆ నిశ్శబ్దం యాదృచ్ఛికం కాదు.

ఎవరికి శిక్షణ? ఎవరితో కూలి?

చదువు ఏమిటన్నది ఒక ప్రశ్న. ఎవరికన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. 2015 నుంచి 2019 వరకు ఐఐటీల పీహెచ్‌డీ ప్రవేశాల్లో ఎస్సీలు సుమారు 9 శాతం, ఎస్టీలు సుమారు 2 శాతం. చట్టం ఇచ్చిన వాటా 15, 7.5. ఈ గేట్ల లోపలే దేశపు నమ్మదగిన యంత్రాల రూపశిల్పులు తయారు కావాలి.

1882లో ఫూలే హంటర్ కమిషన్ ముందు చెప్పిన సాక్ష్యం ఈ సందర్భంలో మళ్లీ చదవాలి. రైతు కట్టిన పన్నుతో పైకులాలకు ఉన్నత విద్య ఇస్తే, అది కిందికి ఇంకుతుందని సర్కారు నమ్మింది. ఇంకలేదని ఫూలే నిలదీశాడు. ఇప్పటి నైతికత శిక్షణా అదే నమ్మకం మీద నడుస్తున్నది. పైనున్న ఇంజనీరుకు వారం రోజులు నీతి బోధిస్తే, న్యాయం యంత్రంలోంచి కిందికి కారుతుందట. నూట నలభై ఏండ్లు గడిచినా చుక్క రాలని కుండ అది.

కింద మాత్రం పని ఉంది. యంత్రం నేర్చుకోవాలంటే బొమ్మలకు, మాటలకు, వీడియోలకు గుర్తులు పెట్టే మనుషులు కావాలి. కెన్యాలో హింస, అత్యాచారాల వర్ణనలు చదివి గుర్తులు పెట్టిన కూలీలకు గంటకు 2 డాలర్ల లోపే ఇచ్చారని 2023 జనవరిలో టైమ్ పత్రిక రాసింది. మన దేశంలోనూ చిన్న పట్నాల్లో, పల్లెల్లో ఈ పని సాగుతున్నది. కులం పని విభజన మాత్రమే కాదు, పనివాళ్ల విభజన అని అంబేద్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో తేల్చాడు. సూత్రం రాసేవాడు ఒకడు, మలినం ఏరేవాడు ఇంకొకడు. మలినం ఏరే పని ఎవరిదో ఈ దేశంలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు.

లోపలికి పోయిన మనవాళ్ల సంగతి? గైడు దొరకడు, ఫెలోషిప్ రాదు, ప్రయోగశాలలో మాట కలవదు. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల పోయాడు. మనిషిని ఒక ఓటుగా, ఒక అంకెగా కుదించేశారనే బాధ అతని చివరి ఉత్తరంలో ఉంది. మనిషిని అంకెగా మార్చే శాస్త్రాన్ని నేర్పే ప్రతి తరగతిలో ఆ ఉత్తరం మొదటి పాఠం కావాలి. నమ్మకం గురించి మాట్లాడే సంస్థలు ముందు తమ పరిశోధక విద్యార్థికి నమ్మదగినవిగా ఉన్నాయా?

రెండు అభ్యంతరాలు

ఒక అభ్యంతరం అటునుంచి వస్తుంది. యంత్రానికి కులం తెలియకుండా ఉంచితే సరిపోదా, కులం కాలమ్ పెట్టి మీరే కులాన్ని బతికిస్తున్నారు గదా అని. కులం కాలమ్‌లోనే లేదు. ఇంటిపేరులో ఉంది, పిన్ కోడ్‌లో ఉంది, చదివిన బడిలో ఉంది, తినే తిండిలో ఉంది. కాలమ్ తీసేస్తే కులం పోదు, రుజువు పోతది. మన పెద్దలకు ఇది తెలుసు. భాగ్యరెడ్డి వర్మ 1931 జనగణనలో ‘ఆది హిందువులు’ అని రాయించడానికి పోరాడింది ఇందుకే. 1994లో మొదలైన మాదిగ దండోరా ‘ఎస్సీ’ అనే ఒక్క పెట్టెలో ఎవరు కనిపించకుండా పోతున్నారో చూపించింది. పట్టిక గీయడం రాజకీయం అని మనవాళ్లు కంప్యూటర్ల కంటే ముందే చెప్పారు. అయితే ఒక షరతు. కులం లెక్క యంత్రాన్ని తనిఖీ చెయ్యడానికి కావాలి, మనిషిని తూచడానికి కాదు. 2024లో తెలంగాణ ఇంటింటి కుల సర్వే జరిగింది. ఆ సమాచారాన్ని ఎవరు, ఎందుకు తెరవచ్చో గీత గీయడం ఈ శిక్షణలో భాగం కావాలి.

రెండో అభ్యంతరం మనలోంచే వస్తుంది. ఇదంతా దొరల బొమ్మ, మనకెందుకు, దూరంగా ఉందాం అని. దూరంగా ఉంచడం వాళ్ల పద్ధతి. దూరంగా ఉండటం మన పద్ధతి కారాదు. ఒకప్పుడు తెలంగాణ చెరువుల కింద నీరటికాడు ఉండేవాడు. ఎక్కువ చోట్ల మాలోడే. ఏ తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ఎంత పారాలో అతని లెక్క. ఊరంతా ఆ లెక్కను నమ్మేది. కానీ ఆ నీళ్ల కింద అతనికి సొంత మడి ఉండేది కాదు, ఉంటే గుంటెడు మాన్యం. నైపుణ్యం మనది, ఆయకట్టు వాళ్లది. ఈసారి లెక్క నేర్చుకోవాలి, ఆయకట్టూ అడగాలి. గణితం వద్దని కాదు, గణితం మాకు కావాలి. సంభావ్యత, కోడింగ్, అన్నీ కావాలి. వాటిని ఎవరి పక్షాన వాడతామన్నదే తగాదా.

ఎట్లాంటి శిక్షణ?

దీనికి నమూనా మన దగ్గరే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ మొదలైంది. 2009లో దానికోసం విడిగా ఒక సంస్థే ఏర్పడింది. కూలీల కుటుంబాల్లోని చదువుకున్న పిల్లలకు మస్టర్లు చదవడం నేర్పారు. వాళ్లు ఇంటింటికీ తిరిగి, కాగితం మీదున్న పనిదినాన్నీ కూలి చేసిన పనిదినాన్నీ పోల్చారు. తర్వాత ప్రజావేదికలో అధికారి ముందు, ఊరి ముందు పైకి చదివారు. తిన్న సొమ్ము రాబట్టడంలో అది వెనకబడిన మాట నిజం. అయినా రికార్డును బోనులో నిలబెట్టే హక్కు కూలికి ఉందని అది నేర్పింది. ఐరోపా పట్టికలో పారదర్శకత అని, జవాబుదారీతనం అని రాసుకున్న దాన్ని మన కూలోళ్ల పిల్లలు చెట్టుకింద చేసి చూపించారు.

నమ్మదగిన కృత్రిమ మేధలో శిక్షణ అంటే ఇట్లాంటిది కావాలి. ఫ్లోరిడా పట్టికతో పాటు సమగ్ర వేదికా పాఠం కావాలి. ప్రతి పరిశోధకుడూ కోడు రాసే ముందు ఒక నెల కంట్రోలు షాపు దగ్గర, మీ సేవ కేంద్రం దగ్గర నిలబడి, తిరస్కరించబడిన వాళ్ల మాట రాసుకోవాలి. సమాచారం ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు గుర్తులు పెట్టారు, ఎంత కూలి ఇచ్చారు, ఎవరి మాట అందులో లేదు అని ప్రతి పట్టిక వెంట ఒక కాగితం ఉండాలి. యంత్రం కాదన్నప్పుడు ఆ కారణాన్ని తెలుగులో, లంబాడీలో, గోండీలో చెప్పగలగాలి. పైకి అప్పీలు చేసుకునే దారి చూపాలి. అప్పీలు తేలేదాకా బియ్యం ఆగకూడదు. పరీక్షలో మార్కులు యంత్రం ఖచ్చితత్వానికి కాదు, తప్పు జరిగినప్పుడు దిద్దే దారికి వెయ్యాలి. బోధించే కుర్చీల్లో, ఫెలోషిప్పుల్లో, కంప్యూటర్ గంటల్లో మన వాటా మనకు రావాలి. సామాజిక తనిఖీ చేసిన ఆ పిల్లలను విద్యార్థులుగా కాదు, గురువులుగా పిలవాలి.

ఇది దయ కోసం అడుగుతున్నది కాదు. తప్పు ఎక్కడ జరుగుతదో నలిగిన వాడికి తెలిసినట్టు నడిపినవాడికి తెలియదు. చెప్పు ఎక్కడ కరుస్తదో కాలికి తెలుసు. ఆ చెప్పు కుట్టినవాడికీ తెలుసు. ఈ రెండు జ్ఞానాలూ మన దగ్గరున్నయి. అవి లేని శిక్షణ ఎన్ని సూత్రాలు వల్లించినా, యంత్రాన్ని దొరకు నమ్మినబంటుగా మార్చే తర్ఫీదే అవుతది. మనకు నమ్మినబంటు వద్దు. నిలదీస్తే నిలబడి జవాబు చెప్పే యంత్రం కావాలి. నిలదీయడం నేర్పే చదువు కావాలి.